జాడీ నిండుగా ఉన్నప్పుడే

చిరంజీవి సిరికి, తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "తాతయ్యా, భూమిలో చమురు అయిపోతే దుబాయ్ ఏమవుతుంది? నాన్న ఉద్యోగం పోతుందా?" అని. అప్పట్నుంచీ నా ఆలోచనంతా దాని మీదే. మీ నాన్న పని చేసేది చమురు బావిలో కాదమ్మా, రేవులో. ముందు ఆ టెన్షన్ తీసెయ్.

ఇక ఆవకాయ సంగతి చెప్తాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంత పెద్ద జాడీ ఉండేది. అది నిండుగా ఉంటే కూర గురించి బెంగే లేదు. అయినా తొలకరి పడగానే మా అమ్మ పెరట్లో పొట్లపాదు పెట్టేది. "ఆవకాయ ఉందిగా, ఇప్పుడు ఇదెందుకు?" అని సణిగేవాణ్ణి. కాయ వంకర తిరక్కుండా కొసకి దారంతో చిన్న రాయి కట్టే పని నాది. ఒకసారి త్వరగా సాగుతుందని పెద్ద రాయి కట్టాను. తెల్లారేసరికి పిందె తెగి కింద పడుంది. అమ్మ తిట్టలేదు. ఇంకో పిందె చూపించి, "దీనికి చిన్నది కట్టరా" అంది.

చమురూ ఆ జాడీలాంటిదే. తీసేకొద్దీ తరుగుతుంది, మళ్లీ ఊరదు. పైగా దాని ధర మన చేతిలో ఉండదు. 2014లో వంద డాలర్లు దాటి ఉన్న పీపా, 2016 జనవరికి ముప్పై కిందికి పడింది. ఆ ఏడాదే సౌదీ అరేబియా 'విజన్ 2030' అంటూ వేరే ఆదాయాల కోసం ప్రణాళిక ప్రకటించింది. కువైట్ 1976 నుంచే చమురు రాబడిలో పదో వంతు రాబోయే తరాల పేరున పక్కన పెట్టడం మొదలుపెట్టింది. పెద్ద జాడీలోంచి చిన్న జాడీలోకి తీసి అటక ఎక్కించినట్టన్నమాట.

దుబాయ్ కథ వేరు. వాళ్లు ఒక జాడీ ఖాళీ అవడం అంతకుముందే చూశారు. మనవాళ్లు బస్రా ముత్యాలని మురిసిపోయేవి ఆ సముద్రంలోవే. కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుక్కి దిగి ఆల్చిప్పలు ఏరుకునేవాళ్లు. 1930ల్లో జపాన్‌వాళ్లు ఆల్చిప్పల్ని పెంచి తీసే పెంపుడు ముత్యాలు వచ్చాయి, పైగా ప్రపంచమంతా మాంద్యం. ఆ వ్యాపారం కూలిపోయింది. ఊరికి మిగిలింది ఇసుక పూడిన ఒక క్రీక్, అంటే ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. 1958లో పాలకుడైన షేక్ రాషిద్, అప్పు తెచ్చి మరీ దాన్ని తవ్వించాడు. చూశావా, అప్పటికి చమురు ఇంకా దొరకలేదు! అది దొరికింది 1966లో. అన్నట్టు, ఆ ఏడాది దాకా అక్కడ చెల్లింది మన రిజర్వు బ్యాంకు ముద్రించిన రూపాయే.

వచ్చిన డబ్బుతో మళ్లీ పాదులే పెట్టారు. 1972లో పోర్ట్ రాషిద్, 1979లో మీ నాన్న పని చేసే జెబెల్ అలీ. 1985లో అక్కడే పన్నుల బాధ లేని ఫ్రీ జోన్, అదే ఏడాది అద్దె విమానాలతో ఎమిరేట్స్ విమాన సంస్థ. ఇప్పుడు దుబాయ్ సంపాదించే వందలో చమురుది రెండు రూపాయలు కూడా ఉండదు. అలాగని అంతా సాఫీగా సాగలేదులే. 2009లో అప్పులు నెత్తికి మించితే, పెద్ద జాడీ ఉన్న పక్కింటి అబూధాబీ పది బిలియన్ డాలర్లు సర్ది ఆదుకుంది. అప్పుడు పెద్ద రాయే కట్టారనుకో.

ఆ పాదులకి నీళ్లు మోసినవాళ్లలో మన కోనసీమవాళ్లు, కరీంనగర్‌వాళ్లు, కడపవాళ్లు ఎంతోమంది ఉన్నారు తల్లీ. మండే ఎండలో మోశారు. ఆ ఊరి గొప్ప చెప్పేటప్పుడు వాళ్లని మర్చిపోకు.

ఈ ఆదివారం నాన్నతో క్రీక్ దగ్గరికి వెళ్లు. దేరా వైపు గట్టున చెక్క ఓడలు కట్టి ఉంటాయి. ఒక్క ఓడ దగ్గర నిలబడి అందులోకి ఏమేం ఎక్కిస్తున్నారో చూడు. టైర్లా, ఫ్రిజ్‌లా, బియ్యం బస్తాలా? ఏ దేశం వెళ్తుందో సరంగుని అడుగు. అన్నీ రాసి నాకు పంపు. ఇక్కడ పొట్లపాదు పందిరెక్కింది, రాళ్లు ఏరి పెట్టాను.

మీ తాతయ్య