స్విచ్‌లో పోర్టుల వారీ వీలాన్: మనవలకు ఉత్తరం

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో నా బల్ల మీది స్విచ్‌ను (కంప్యూటర్ల తీగలను కలిపే పెట్టెను) చూసి, తీగలన్నీ ఒకే పెట్టెలోకి వస్తున్నప్పుడు అందులో రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఎలా ఉంటాయని అడిగారు. రైలుకు వేళ కావడంతో సగమే చెప్పగలిగాను. అలా ఒకే పెట్టెలో విడదీసిన ఒక్కో నెట్‌వర్కును వీలాన్ అంటారు. మిగతాది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

స్విచ్‌కు ఒక ఫ్రేము, అంటే ఒక సమాచారపు పొట్లం, చేరగానే, దాన్ని పంపిన యంత్రం మ్యాక్ చిరునామా (యంత్రపు నెట్‌వర్కు భాగానికి ఉండే గుర్తింపు సంఖ్య) ఏ పోర్టు (తీగ గుచ్చే చోటు) వైపు ఉందో స్విచ్ తన పట్టికలో రాసుకుంటుంది. ఆ తరువాత ఆ చిరునామాకు వెళ్ళవలసిన ఫ్రేములను ఆ ఒక్క పోర్టుకే అందిస్తుంది. అయితే చిరునామా పట్టికలో లేనప్పుడు, లేదా ఫ్రేము అందరికీ ఉద్దేశించిన బ్రాడ్‌కాస్ట్ అయినప్పుడు, వచ్చిన పోర్టు తప్ప మిగిలిన అన్ని పోర్టులకూ ఊళ్ళో దండోరా వేసినట్టు పంపిస్తుంది. కంప్యూటరు తనకొక ఐపీ చిరునామా (నెట్‌వర్కులో తనను గుర్తించే సంఖ్య) ఇమ్మని డీహెచ్‌సీపీ అనే చిరునామాలు పంచే పద్ధతి ద్వారా తొలిసారి అడిగేది ఈ దండోరాతోనే.

నేను పాలిటెక్నిక్ ల్యాబు చూసుకునే రోజుల్లో ఒక కుర్రవాడు ఇంటి నుంచి వైఫై రౌటరు తెచ్చి ల్యాబు గోడ సాకెట్టుకు తగిలించాడు. ఆ రౌటరు, అడిగిన ప్రతి యంత్రానికీ తానే చిరునామాలు పంచడం మొదలుపెట్టడంతో ఆఫీసు కంప్యూటర్లు కూడా దారి తప్పాయి, ఫీజు కట్టవచ్చిన పిల్లలు మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడ్డారు. ఆ కుర్రవాడిని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. ల్యాబునూ ఆఫీసునూ ఒకే దండోరా పరిధిలో ఉంచినది నేనే.

ఆ వారమే 24 పోర్టుల స్విచ్‌లో 1 నుంచి 16 వరకు పోర్టులను ల్యాబు కోసం 10వ వీలాన్‌లోనూ, 17 నుంచి 23 వరకు ఆఫీసు కోసం 20వ వీలాన్‌లోనూ చేర్చాను. ఇక్కడ మీరు బాగా పట్టుకోవలసిన సంగతి ఒకటుంది: వీలాన్ సంఖ్య పోర్టుకు చెందినదే గాని కంప్యూటరుకు చెందినది కాదు. వీలాన్ సంఖ్య రాసి లేని ఫ్రేము 5వ పోర్టులోకి రాగానే స్విచ్ దానిని 10వ వీలాన్‌దిగా లెక్కవేసి, అదే వీలాన్‌కు చెందిన పోర్టులకు మాత్రమే పోనిస్తుంది. దండోరా కూడా ఆ హద్దు దాటదు. కంప్యూటరుకు ఇదంతా తెలియనే తెలియదు. అదే తీగను తీసి 18వ పోర్టులో పెడితే ఆ కంప్యూటరు ఆఫీసు వీలాన్‌లోకి వెళ్ళిపోతుంది. ఈ పద్ధతిలోని సులువూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి, అందుకే నేను స్విచ్ ఉన్న గదికి తాళం వేయించాను.

పై అంతస్తులో ఇంకో స్విచ్ ఉంటే, ఒక్కో వీలాన్‌కు ఒక్కో తీగ లాగనక్కరలేదు. 24వ పోర్టును ట్రంకుగా, అంటే అన్ని వీలాన్ల ఫ్రేములూ ఒకే తీగ మీద పోయే దారిగా పెడితే, ఆ తీగ మీద వెళ్ళే ఫ్రేములో స్విచ్ వీలాన్ సంఖ్య ఉండే 4 బైట్ల ట్యాగును చేరుస్తుంది. ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ 1998 నాటి 802.1క్యూ ప్రమాణం చెప్పినది ఈ ట్యాగు గురించే. అందులో వీలాన్ సంఖ్యకు 12 బిట్లు కేటాయించారు గనుక 4096 విలువలు వస్తాయి. మొదటిదీ చివరిదీ వేరే పనులకు పోగా 4094 మిగులుతాయి. అవతలి స్విచ్ ట్యాగును చదివి, తీసివేసి, ఫ్రేమును మామూలు రూపంలో కంప్యూటరుకు అప్పగిస్తుంది.

ట్యాగు లేని తీగతో మాత్రం జాగ్రత్త. ఒక స్విచ్‌లోని 10వ వీలాన్ పోర్టును మరో స్విచ్‌లోని 20వ వీలాన్ పోర్టుకు మామూలు తీగతో కలిపితే, తీగ మీద సంఖ్య ఏదీ ప్రయాణించదు గనుక రెండు వీలాన్లూ చప్పుడు లేకుండా ఒకటైపోతాయి. ల్యాబు నుంచి ఆఫీసుకు నిజంగా ఏదైనా చేరవలసి ఉంటే అది రౌటరు గుండానో, రౌటరు పని కూడా చేసే లేయర్ 3 స్విచ్ గుండానో వెళ్ళాలి. ఏది పోవచ్చో ఏది పోకూడదో నియమాలు రాయవలసిన చోటు అదే.

పాత 8 పోర్టుల స్విచ్‌ను నాన్నతో పంపిస్తున్నాను. మొదట అన్ని పోర్టులూ 1వ వీలాన్‌లోనే ఉంటాయి. మీరు సెట్టింగులు మార్చడానికి వాడుతున్న కంప్యూటరు ఏ పోర్టులో ఉందో ముందు చూసుకుని, దాన్ని కదపకుండా మిగతావాటిని మార్చండి, లేకపోతే స్విచ్‌తో మీ సంబంధమే తెగిపోతుంది. పింగ్ (అవతలి యంత్రం అందుతోందా అని అడిగే చిన్న పరీక్ష) ఎక్కడ ఆగిందో, ఎక్కడ అందిందో రాసి పంపండి.

మీ తాతయ్య