పేరుకే పేలుడు: విశ్వం పుట్టుక గురించి ఫిజిక్స్ ఎంతదాకా వెళ్లింది?

1949 మార్చి 28న ఫ్రెడ్ హోయల్ అనే బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త బీబీసీ రేడియోలో ప్రసంగించాడు. విశ్వానికి ఫలానా రోజున మొదలు ఉందని వాదించేవాళ్ల సిద్ధాంతాన్ని వివరిస్తూ, దాన్ని ‘బిగ్ బ్యాంగ్’ అన్నాడు. ఆ సిద్ధాంతం ఆయనకు గిట్టదు. ఎగతాళికి అనలేదు, వినేవాళ్లకు బొమ్మ కట్టించడానికే అన్నానని తర్వాత చెప్పుకున్నాడు. ఏదైతేనేం, వ్యతిరేకి పెట్టిన పేరే స్థిరపడిపోయింది. దాంతోపాటు ఓ అపోహ కూడా పాతుకుపోయింది: ఖాళీ చీకట్లో ఎక్కడో ఒకచోట ఏదో పేలింది, ఆ ముక్కలే ఇప్పటికీ ఎగిరిపోతున్నాయి అని.

సిద్ధాంతం చెప్పేది అది కాదు. అసలు అది ‘మొదలు’ గురించిన సిద్ధాంతమే కాదు. ఒకప్పుడు విశ్వం విపరీతమైన వేడితో, విపరీతంగా కిక్కిరిసి ఉండేది, అప్పట్నుంచి సాగుతూ చల్లబడుతోంది అన్నంత వరకే దాని హామీ. దానికి ముందు సంగతి వేరే కథ. ఈ రెండూ ఎలా కలగాపులగం అయ్యాయో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి.

తమాషా ఏమిటంటే, విశ్వానికి మొదలుందన్న మాట అప్పట్లో భౌతిక శాస్త్రవేత్తలకే మింగుడుపడలేదు. ఐన్‌స్టీన్ 1915లో గురుత్వాన్ని వివరించే సాధారణ సాపేక్షతా సిద్ధాంతాన్ని పూర్తిచేసి, 1917లో దాన్ని మొత్తం విశ్వానికి వర్తింపజేశాడు. లెక్కలేమో విశ్వం ఊరికే నిలబడి ఉండదంటున్నాయి. దాన్ని కదలకుండా నిలబెట్టడానికి సమీకరణంలో ఓ అదనపు పదం చేర్చాడు. 1922లో రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ అవే సమీకరణాల నుంచి వ్యాపించే విశ్వాన్ని రాబట్టాడు. అది తప్పని ఐన్‌స్టీన్ పత్రికకు రాశాడు. మరుసటేడు, పొరపాటు తన లెక్కలోనే జరిగిందని ఒప్పుకున్నాడు. పాపం ఫ్రీడ్‌మన్ 1925లోనే, 37 ఏళ్లకే టైఫాయిడ్‌తో పోయాడు.

1927లో బెల్జియంకు చెందిన జార్జ్ లెమైత్ర్ స్వతంత్రంగా అదే ఫలితానికి వచ్చాడు. ఈయన క్యాథలిక్ మతాచార్యుడు కూడా. ‘మీ లెక్కలు సరే, ఫిజిక్స్ మాత్రం దారుణం’ అని ఐన్‌స్టీన్ తన ముఖం మీదే అన్నాడని లెమైత్ర్ తర్వాత చెప్పాడు.

వీళ్ల వాదం కాగితం మీద నడుస్తుండగానే, కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద వంద అంగుళాల టెలిస్కోప్ దగ్గర ఇద్దరు మనుషులు రాత్రంతా చలిలో కూర్చుని గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీస్తున్నారు. ఒకరు ఎడ్విన్ హబుల్. రెండోవాడు మిల్టన్ హ్యూమసన్. ఈయన పద్నాలుగో ఏట చదువు మానేసి, ఆ కొండ మీదికే కంచరగాడిదల మీద సరుకులు మోసి, తర్వాత అక్కడే ఊడ్చి తుడిచే పనిలో చేరిన మనిషి. మసక గెలాక్సీల వర్ణపటాలు (వెలుగును రంగులుగా విడదీసిన ఫొటోలు, గెలాక్సీ వేగం తెలిసేది వీటినుంచే) తీయడంలో ఆయనకున్న ఓపిక ఇంకెవరికీ ఉండేది కాదు.

ఒక రకం నక్షత్రాలు మినుకుమినుకుమనే లయను బట్టి వాటి అసలు వెలుగు చెప్పొచ్చని హెన్రియెట్టా లెవిట్ 1912 నాటికే తేల్చింది. అసలు వెలుగు తెలిస్తే, మనకు కనిపించే వెలుగుతో పోల్చి దూరం చెప్పొచ్చు. 1923లో ఆండ్రోమెడా పలక మీద హబుల్ అలాంటి నక్షత్రాన్నే పట్టాడు. కొత్తగా వెలిగిన తార అనుకుని మొదట వేసిన గుర్తును కొట్టేసి, పక్కన ఆశ్చర్యార్థకంతో సహా ‘మార్పుచెందే నక్షత్రం’ అని అర్థం వచ్చే పొడి అక్షరాలు రాసుకున్నాడు. ఆండ్రోమెడా మన పాలపుంతలో భాగం కాదని, వేరే గెలాక్సీ అని అలా తెలిసింది. గెలాక్సీ ఎంత దూరమైతే అంత వేగంగా దూరమవుతోందని 1929లో ప్రచురించాడు.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఎలాస్టిక్ తాడు చాలు. జానెడుకో ముడి వేసి రెండు చివర్లూ పట్టి లాగండి. ఏ ముడి మీద చీమ కూర్చున్నా, మిగతా ముళ్లన్నీ తన నుంచే పారిపోతున్నట్టు దానికి కనిపిస్తుంది. పక్క ముడి నెమ్మదిగా, దూరపు ముడి వేగంగా. ముళ్లు తాడు మీద పాకడం లేదు, తాడే సాగుతోంది. మధ్య ముడి ఏది అని అడగడానికి వీల్లేకుండా తాడును రెండు వైపులా అంతులేకుండా ఊహించుకోండి. విశ్వంలో పేలుడు జరిగిన ‘చోటు’ ఎందుకు లేదో తేలిపోతుంది.

సాగేదాన్ని వెనక్కి తిప్పితే? 1931లో లెమైత్ర్ ‘ఆదిమ పరమాణువు’ ఊహ ముందుకు తెచ్చాడు. చెప్పినవాడు మతాచార్యుడు కావడంతో సృష్టి కథను దొడ్డిదారిన తెస్తున్నాడన్న అనుమానం చాలామందికి కలిగింది. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంలా ప్రస్తావిస్తే, నొచ్చుకున్నది లెమైత్రే. సైన్సును, మతాన్ని ముడిపెట్టొద్దన్నది మొదట్నుంచీ ఆయన వైఖరి. ఈ కథలో నాకు బాగా నచ్చే మనిషి ఆయనే.

విమర్శకులది మొండితనమూ కాదు. హబుల్ అంకెల ప్రకారం విశ్వం వయసు సుమారు 200 కోట్ల ఏళ్లు వచ్చేది. భూమి మీది రాళ్లేమో అంతకంటే పాతవని రేడియోధార్మికత చెబుతోంది. తల్లి కంటే బిడ్డ పెద్దదన్నమాట! హోయల్, బాండీ, గోల్డ్ 1948లో స్థిరస్థితి సిద్ధాంతాన్ని తెచ్చిన నేపథ్యం ఇది. విశ్వం సాగుతూ ఉంటుంది, ఖాళీల్లో కొత్త పదార్థం పుడుతూ ఉంటుంది, మొదలూ తుదీ లేవు అన్నారు. దూరాల కొలతలోనే పొరపాటు ఉందని 1952లో వాల్టర్ బాడే చూపించాకే ఆ వయసు చిక్కు వదలడం మొదలైంది.

అదే 1948లో జార్జ్ గామోవ్, ఆయన విద్యార్థి రాల్ఫ్ ఆల్ఫర్ వేడి విశ్వంలో తేలిక మూలకాలు ఎలా వండబడ్డాయో లెక్కగట్టారు. మామూలు పదార్థంలో బరువు ప్రకారం మూడొంతులు హైడ్రోజన్, ఒక వంతు హీలియం ఎందుకుందో ఆ దారిలోనే తేలింది. ఆల్ఫర్, రాబర్ట్ హెర్మన్ ఇంకో మాటా అన్నారు: ఆ వేడి తాలూకు మిగులు ఇప్పటికీ సుమారు 5 కెల్విన్ల (మైనస్ 268 డిగ్రీల సెల్సియస్) దగ్గర విశ్వమంతా ఉండాలి. వెతకడానికి మాత్రం అప్పట్లో ఎవరూ పూనుకోలేదు.

1964లో న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో, బెల్ ల్యాబ్స్ వారి బాకా ఆకారపు యాంటెన్నాతో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ తంటాలు పడుతున్నారు. ఎటు తిప్పినా, పగలైనా రాత్రైనా ఒకటే సన్నటి గుయ్యిమనే రొద. లోపల పావురాల జంట కాపురం పెట్టింది. వాటిని పట్టి దూరంగా పంపిస్తే తిరిగొచ్చేశాయి. రెట్టలు గోకి శుభ్రం చేశారు, అతుకుల మీద అల్యూమినియం టేపు అంటించారు. రొద తగ్గలేదు. అక్కడికి కొద్ది దూరంలోని ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ డికీ బృందం సరిగ్గా ఆ సంకేతం కోసమే, అంటే విశ్వపు తొలి వేడి మిగులు కోసమే, యంత్రం కడుతోందని పెంజియాస్‌కు తర్వాత తెలిసింది. ఫోన్ చేశాడు. డికీ మాట్లాడి పెట్టేసి, మనకంటే ముందే వాళ్లు కొట్టేశారని తన బృందంతో అన్నాడు. 1978లో పెంజియాస్, విల్సన్ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ముందే లెక్కగట్టిన ఆల్ఫర్, హెర్మన్‌లకు రాలేదు.

పాత టీవీల్లో చానెల్ లేనప్పుడు కనిపించే చుక్కల్లో ఓ ఒక శాతం ఆ రొదే. అది 3,80,000 ఏళ్ల వయసున్న విశ్వం నుంచి బయల్దేరిన వెలుగు. అప్పటికి వేడి 3,000 డిగ్రీలకు దిగి, ఎలక్ట్రాన్లు పరమాణువుల్లో చేరి, వెలుగుకు దారి దొరికింది. తర్వాత విశ్వం దాదాపు 1,100 రెట్లు సాగడంతో ఇప్పుడు దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్లు. 1989లో వెళ్లిన కోబీ ఉపగ్రహం ఆ వెలుగు వర్ణపటాన్ని కచ్చితంగా కొలిచింది. 1992లో దాని ఉష్ణోగ్రతలో లక్షలో ఒక వంతు తేడాలను చూపింది. ఈ గెలాక్సీలన్నిటికీ విత్తనాలు ఆ తేడాలే. తర్వాతి ఉపగ్రహాలు వయసును 1,380 కోట్ల ఏళ్ల దగ్గర నిలబెట్టాయి.

అయితే ఆకాశంలో ఒకదానికొకటి ఎన్నడూ తగలని మూలలు కూడా ఇంత సమానమైన వేడితో ఎందుకున్నాయి? 1979 డిసెంబరులో అలన్ గూత్‌కు తట్టిన జవాబు ‘ఇన్‌ఫ్లేషన్’. (మన పత్రికల్లో కొన్నిసార్లు ఇది ద్రవ్యోల్బణం అయిపోతుంది, ధరలు పెరిగినట్టు!) సెకనులో ఊహకందనంత చిన్న ముక్కలో విశ్వం విపరీతంగా ఉబ్బిపోయిందని, అప్పటి క్వాంటం (అతి సూక్ష్మ స్థాయి) ఒడుదొడుకులే పెద్దవై ఆ తేడాలయ్యాయని వాదన. సాక్ష్యాలు చాలామటుకు అటే మొగ్గుతున్నాయి కానీ, ఖాయమని చెప్పేంత కాదు.

ఇక ‘సున్నా క్షణం’. మన దేశపు భౌతిక శాస్త్రవేత్త అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ఇచ్చిన సమీకరణం పునాదిగా పెన్‌రోజ్, హాకింగ్ 1970 నాటికి ఒక సంగతి నిరూపించారు: ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్నే నమ్ముకుని వెనక్కి వెళితే సాంద్రతకు అంతులేని సింగులారిటీ తప్పదు. చాలామంది దీన్ని ‘విశ్వం ఒక బిందువు నుంచి పుట్టింది’ అని చదువుతారు. అంతకంటే సరైన చదువు ‘ఇక్కడ ఈ సిద్ధాంతం పనిచేయడం మానేసింది’ అన్నది. అక్కడ గురుత్వానికి క్వాంటం లెక్క కావాలి, అది ఇంకా మన చేతిలో లేదు. హాకింగే 1983లో జేమ్స్ హార్టిల్‌తో కలిసి, అంచే లేని, సింగులారిటీ అక్కర్లేని విశ్వాన్ని ప్రతిపాదించాడు. ‘శూన్యం’ నుంచి క్వాంటం దారిలో పుట్టిందని 1982లో విలెంకిన్ అన్నాడు. కాకపోతే ఆ శూన్యంలో కూడా ఫిజిక్స్ నియమాలు ముందే ఉండాలి మరి. కుంచించుకుపోయిన పాత విశ్వం తిరిగి ఉబ్బిందనేవాళ్లూ ఉన్నారు. వీటిలో ఏదీ పరీక్షకు నిలిచి గెలిచింది కాదు.

వెలుగుతో వెనక్కి చూడాలంటే 3,80,000 ఏళ్ల దగ్గర గోడ అడ్డం. దాన్ని దాటి రాగలవి గురుత్వ తరంగాలు, అంటే ఇన్‌ఫ్లేషన్ జరిగి ఉంటే స్థలంలోనే లేచిన అలలు. అవి ఆ పాత వెలుగు మీద వదిలిన సుడుల ముద్ర దొరికిందని 2014 మార్చిలో దక్షిణ ధ్రువంలోని బైసెప్2 టెలిస్కోప్ బృందం ప్రకటించింది. తీరా చూస్తే, అందులో ఎక్కువ భాగం మన పాలపుంతలోని దుమ్ము పని. ఆ బృందం వెతుకులాట ఆపలేదు. ముద్ర ఉంటే ఎంతకు మించి ఉండదో 2021లో మరింత బిగించి చెప్పింది. ఆ దెబ్బకు ఇన్‌ఫ్లేషన్ నమూనాల్లో అన్నిటికంటే సాదాసీదావి కొన్ని పోటీలోంచి తప్పుకున్నాయి.