రాచెట్ ఒకవైపే తిరుగుతుంది

బెంగళూరు పీణ్యలో మా బావమరిది లేత్ షాపుకి వెళ్తే, అప్రెంటిస్‌గా చేరిన హిందూపురం కుర్రాడు అడిగాడు: "రష్యావాళ్ళు అంతరిక్షంలోకి మనిషిని పంపారు కదా సార్, మరి వాళ్ళ ఫ్యాక్టరీలు ఎందుకు వెనకబడ్డాయి?"

అతని చేతిలో రాచెట్ స్పానర్ ఉంది. అది తీసుకుని చూపించాను. లోపల పళ్ళచక్రం, దానికి ఆనుకుని చిన్న నాలుక. ఒకవైపు తిప్పితే నాలుక పళ్ళ మీద జారుతుంది, రెండోవైపు తిప్పితే పట్టేస్తుంది. సోవియట్ ప్రణాళికలో ప్రభుత్వం ఫ్యాక్టరీకి పెట్టే టార్గెట్ కూడా అంతే, పైకి ఎక్కిందంటే దిగడం కష్టం. నిరుడు ఎంత చేశారో అక్కడి నుంచే ఈ ఏటి లెక్క మొదలు.

ఏడాదికి 100 మోటార్లు ప్లాన్ అనుకుందాం. 100 చేస్తే డైరెక్టర్‌కి బోనస్, 99 అయితే లేదు. నిజానికి 130 చేయగలరు. చేసి చూపిస్తే వచ్చే ఏడు టార్గెట్ 130 వైపు జరుగుతుంది. అందుకే 102 దగ్గర ఆపేస్తాడు. ఇప్పుడు కొత్త మెషిన్ తెద్దాం. బిగించి, ట్రయల్ చూసి, మనుషులకి నేర్పేసరికి మూడు నెలలు పోతాయి. దాచుకున్న శక్తంతా వాడినా మిగతా తొమ్మిది నెలల్లో వచ్చేది 97. బోనస్ పోయింది. ఆ మెషిన్‌తో తర్వాత 160 వస్తే, టార్గెట్టూ 160 వైపే. పక్క ఫ్యాక్టరీ కస్టమర్లని లాక్కుపోతుందన్న టెన్షన్ కూడా లేదు. ఇక మెషిన్ ఎందుకు తెస్తాడు?

పక్కనే ఉన్న పెద్ద టర్నర్ తలూపాడు. పాత కంపెనీలో పని త్వరగా అవుతోందని తెలిస్తే పీస్ రేటు (ఒక్కో ముక్కకి ఇచ్చే కూలి) తగ్గిస్తారని, తను చేసుకున్న జిగ్‌ని (ముక్కని సరిగ్గా పట్టి ఉంచి పని త్వరగా అయ్యేలా చేసే సాధనం) దాచేవాడట!

తెలివి లేక కాదు. కరిగిన ఉక్కుని దిమ్మలుగా పోయకుండా నేరుగా పలకగా సాగదీసే కంటిన్యువస్ కాస్టింగ్‌లో 1950ల్లో సోవియట్లు ముందువరసలో ఉన్నారు. 1980ల చివరికి జపాన్ ఉక్కులో 90 శాతానికి పైగా ఆ పద్ధతిలోనే వచ్చేది, సోవియట్‌లో ఐదో వంతు కూడా రాలేదు. ఆ పద్ధతిలో ఉక్కు వృథా తగ్గుతుంది. కానీ ప్లాన్ లెక్క కరిగించిన ఉక్కు టన్నుల్లో. వృథా తగ్గిస్తే ఆ టన్నులు పెరగవు.

రాకెట్ల సంగతి వేరు. సైన్యం తన ఇన్‌స్పెక్టర్లని ఫ్యాక్టరీలోనే కూర్చోబెట్టేది, నచ్చని సరుకుని తిప్పికొట్టేది. ట్రాక్టర్ తీసుకునే రైతుకి ఆ అధికారం లేదు.

మన పిల్లల చేత పంచవర్ష ప్రణాళికల తేదీలు బట్టీ పట్టిస్తాం, ఈ నాలుక గురించి చెప్పం. అది నాకు బాధ.

రాచెట్‌ని ఆపాలని వాళ్ళూ చూశారు. 1967లో తూలా ప్రాంతంలోని ష్చేకినో రసాయన కర్మాగారానికి, జీతాల నిధి కొన్నేళ్ళు మార్చబోమని మాటిచ్చారు. మనుషుల్ని తగ్గించి మిగిల్చినదాంట్లో కొంత ఉన్నవాళ్ళకి పంచొచ్చు. రెండేళ్ళలో మనుషులు తగ్గారు, ఉత్పత్తి పెరిగింది. ఆ తర్వాత పైవాళ్ళు ఆ లెక్కల్ని మళ్ళీ సవరించారు.