సొరకాయకు ఐదొందలెందుకో చెబుతాను, వినండి

పిల్లలూ, అందరికీ వందనాలు.

సంక్రాంతి దాటాక మన చర్చిలో కోత పండుగ (ఇంట్లో పండింది, పెంచింది గుడికిచ్చి వేలం వేసుకునే పండుగ) అయింది కదా, ఆ రోజు పందిరి కింద బంతిలో కూర్చున్నప్పుడు మీలో ఒకడు (పేరు చెప్పను, వాడికి తెలుసు) నన్నడిగాడు, "తాతయ్యా, సంతలో ఇరవై రూపాయలకు దొరికే సొరకాయను ఐదొందలకు పాడటమేంటి, క్యూఆర్ కోడ్ అంటించేస్తే ఎవరికి తోచింది వాళ్లు ఫోన్‌లో కొట్టేస్తారుగా, ఎండలో రెండు గంటలు ఈ వేలం పాట ఎందుకు" అని. అప్పుడు నా నోట్లో పప్పన్నం ఉంది, పక్కన పాస్టర్ అయ్యగారున్నారు, నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి పడుకున్నా ఆ మాట వదల్లేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి, మీ రీల్స్ అన్నీ నేను చూడట్లేదా.

ముందు ఆ సొరకాయ సంగతి. అది తెచ్చినామెకు సెంటు పొలం లేదు. పెరట్లో దడి మీదికి పాకించిన తీగ ఒక్కటుంది. దానికి మొదటి పిందె పడ్డ రోజే "ఇది గుడిది" అని తొడిమకు ఎర్ర గుడ్డపీలిక కట్టి, ఇంట్లో కూర లేని రోజున కూడా దాని జోలికి పోలేదు. పండుగనాడు ఆ పీలికతోనే తెచ్చి ధాన్యం బస్తాల పక్కన, అరటి గెలల పక్కన పెట్టింది. అదే మీ కోడ్ దగ్గర అయితే ఆమె ఏం కొడుతుంది? అసలు ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. డబ్బున్నాయన ఐదొందలు నేరుగా చందా రాయిస్తే పుస్తకంలో ఒక్క పేరే పడుతుంది. సొరకాయ మీదుగా వస్తే ఆ ఐదొందల్లో ఇద్దరుంటారు, పాట పలుకుతుంటే ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మీరు చూడలేదేమో, నేను చూశాను.

గుడ్డు సంగతి మాత్రం అందరూ చూశారు. పాడినాయన దాన్ని తీసుకోకుండా "మళ్లీ పాటకు పెట్టండి" అనడం, ఇంకొకాయన పాడి ఆయనా అదే మాట అనడం, అలా ఒక్క కోడిగుడ్డు ఐదుసార్లు అమ్ముడుపోయింది. ఆరోసారికి కాళ్లు కట్టేసిన పుంజు తాడు తెంపుకుని సరిగ్గా దాని మీదకే ఎగిరింది! అంతసేపూ విసుక్కున్న మీరే అప్పుడు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఇక పిడికెడు బియ్యం. మీ నానమ్మలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న పాత పాలడబ్బాలో వేస్తారు, గమనించారా? పూటకో పిడికెడు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి గుడిలో గంపలో పోస్తారు, ఆరాధన అయ్యాక కొలిచి అమ్మి ఆ డబ్బు లెక్కలో రాస్తాం, కొన్నిసార్లు అమ్మకుండా ఎవరింట్లో జ్వరమో, పని లేకపోవడమో ఉంటే వాళ్లకే పంపిస్తాం. గంపలో సన్నబియ్యం, రేషన్ బియ్యం, నూకలు అన్నీ కలిసిపోతాయి కాబట్టి అది వండితే అన్నం బావుండదు, ఉన్న మాట చెప్పాలి. మిజోరంలో కూడా ఇదే అలవాటు వందేళ్లకు పైగా ఉంది, అక్కడి ఆడవాళ్ల పిడికిళ్లతో పెద్ద పెద్ద పనులే నడుస్తున్నాయి.

ఇదంతా ఎక్కడిదంటే, మనది పాత దోర్నకల్ ప్రాంతం. 1912లో ఇక్కడ బిషప్ అయిన అజరయ్య గారిది తిరునెల్వేలి వైపు, తమిళం ఇంటి భాష. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి పద్ధతిలో నడిచే సంఘంలో, బిషప్ అయిన మొదటి భారతీయుడాయన. తెలుగు నేర్చుకుని ఎడ్లబండి మీద ఊరూరూ తిరిగాడు. అప్పటి మన వాళ్లంటే ఎక్కువగా మాల, మాదిగ కూలీలు, చేతిలో పైసా ఆడేది కాదు, ఊళ్లో బావి దగ్గరకు కూడా రానిచ్చేవారు కాదు. డబ్బు సముద్రం అవతల నుంచి వస్తుందిలే అని కూర్చోకుండా, ఉన్నదాంట్లోనే తెమ్మని ఆయన నేర్పించాడు. ఎప్పుడూ చెయ్యి చాచి తీసుకోవడమే అలవాటైన ఇంటివాడు మొదటిసారి ఒక కోడిపిల్లను తెచ్చి ముందు పెట్టినప్పుడు వాడి నడక ఎలా మారుతుందో మా తాత చెప్పేవాడు.

మొన్న బస్సు కట్టించుకుని మెదక్ చర్చికి వెళ్లొచ్చారు కదా, ఆ రంగుటద్దాల కిటికీల ముందు మీరు దిగిన ఫోటోలు చూశాను. (ఇంకోసారి వెళ్తే మిట్టమధ్యాహ్నం వెళ్లండి, బయట ఎండ ఉంటేనే లోపల బొమ్మ కనబడుతుంది.) ఆ గుడికి 2024 డిసెంబర్ 25తో వందేళ్లు నిండాయి. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొరగారు జనానికి పని చూపించి, తిండి పెట్టి దాన్ని కట్టించారు. అంత ఎత్తు గోపురం కింద ఉన్నదీ గింజల లెక్కే.

ఇప్పుడు అసలు విషయం, కొంచెం కోపంగానే చెబుతున్నాను. ఇంటింటికీ తిరిగి పాడే క్రిస్మస్ క్యారల్స్ రౌండ్స్ ఈసారి చాలా బాగా చేశారు. డిసెంబర్ చలిలో రాత్రి రెండింటి దాకా గొంతులు పోయేలా పాడారు, టోపీ తాత వేషం వేసినవాడు కుక్కలకు భయపడి ట్రాలీ ఎక్కేశాడని కూడా విన్నాను. కానీ ఆ ట్రాలీ ఆటో చెరువు వైపు సందులో పట్టలేదని ఆఖరి ఇంటిని వదిలేసి వచ్చేశారు. స్పీకర్లు, జనరేటర్ లేకపోతే పాట రాదా? మా రోజుల్లో ఒక పెట్రోమాక్స్ లైటు, ఒక డోలక్, వెదురు బద్దలకు రంగు కాగితం అంటించిన స్టార్, అంతే. ఆ ఇంట్లో ఆమె అరిసెలు చేసి, వాకిలి అలికి, ముగ్గేసి, బల్బు వేసుకుని తెల్లారేదాకా అరుగు మీద కూర్చుంది. మర్నాడు ఆరాధనకు అరిసెల డబ్బా పట్టుకొచ్చి "పిల్లలకు నిద్రొచ్చిందేమో అయ్యా" అంది నాతో. ఆ అరిసెలు మీరే తిన్నారు. సొరకాయ తెచ్చినామె కూడా ఈమే. మీరు రౌండ్స్‌లో వాయించిన కీబోర్డు కొన్న ఏడాది స్త్రీల సమాజం పిడికెడు బియ్యం డబ్బు కొంత అందులో వేసింది, పాత లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంది, వచ్చి చూడండి.

తిట్టాను కదా అని మొహాలు ముడుచుకోకండి. పోయిన మే నెలలో వి.బి.ఎస్. (పిల్లల సెలవుల బైబిల్ బడి) మీరు నడిపిన తీరుకు నేను ఇంటింటా చెప్పుకున్నాను. రేకుల షెడ్డులో అంత ఎండలో, ఆ ఉక్కలో, యాక్షన్ సాంగ్స్‌కు గెంతుతూ, మన పిల్లలతో పాటు వీధిలో పిల్లలందరినీ కూర్చోబెట్టి కంఠత వాక్యాలు చెప్పించారు. మజ్జిగ గ్లాసులు మీరే కడిగారు. పదో తరగతి తప్పి ఇంట్లోంచి బయటికి రాని పిల్లను పిలుచుకొచ్చి బొమ్మలేయించారు చూడండి, అది ఏ పెద్దలూ మీకు చెప్పిన పని కాదు.

క్యూఆర్ కోడ్ కూడా పెట్టుకుందాం, హైదరాబాద్‌లో, దుబాయ్‌లో ఉన్న మన వాళ్లకు అది పనికొస్తుంది. కమిటీలో నేనే చెబుతాను. వేలం పాట మాత్రం ఉంటుంది, మైకు మీలో ఒకరు పట్టుకుంటే రెండు గంటలది గంటలో అయిపోతుంది. మా గొంతులు ముసలివైపోయాయి.

ఈస్టర్‌కు ముందొచ్చే లెంట్ నలభై రోజుల కుటుంబ ప్రార్థనల జాబితా రేపు బోర్డు మీద పెడతారు. మొదటి పేరు చెరువు సందులో ఆఖరి ఇల్లు, అయ్యగారితో మాట్లాడి నేనే రాయించాను. సాయంత్రం ఏడింటికల్లా రండి, ట్రాలీ వద్దు, డోలక్ ఉన్న గది తాళంచెవి మా ఇంట్లో ఉంది, వచ్చేటప్పుడు ఎవరైనా తీసుకెళ్లండి. నా బియ్యం డబ్బా కూడా నిండింది, మోకాళ్ల నొప్పితో మోయలేకపోతున్నాను, అది కూడా పట్టుకెళ్తే పుణ్యముంటుంది.

మీ తాతయ్య