పిల్లలు సొంతంగా చదువుకునే పుస్తకాలు: ఎంపిక గురించి అపోహలు - వాస్తవాలు

పాఠం చదివేటప్పుడు పిల్లల పక్కన టీచర్ ఉంటారు. అర్థం కాని మాట దగ్గర ఆగి చెబుతారు, విసుగు పుట్టిన చోట ఒక ప్రశ్న వేసి మళ్లీ పుస్తకంలోకి తెస్తారు. సొంతంగా చదువుకునేటప్పుడు ఆ తోడు ఉండదు. పుస్తకం కుదరకపోతే సర్దిచెప్పేవాళ్లు లేరు. మూడో పేజీలో మూసేస్తారు, లేదంటే చూపు అక్షరాల మీద, ధ్యాస ఇంకెక్కడో పెట్టి కూర్చుంటారు. అందుకే ఏ పుస్తకం చేతికొచ్చిందన్నది ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. ఎంచుకోవడం కూడా చదవడం లాగే నేర్పితే వచ్చే పని. టీచర్లు, తల్లిదండ్రులు నమ్మే ఈ కింది మాటలు చాలావరకు మంచి ఉద్దేశంతో అనేవే, కానీ ఆ సంగతిని మరిచిపోతాయి.

అపోహ: “లైబ్రరీలోకి వదిలితే చాలు, నచ్చింది వాళ్లే తీసుకుంటారు.”

ఇప్పటికే చదివే అలవాటున్న పిల్లలు తీసుకుంటారు. మిగతావాళ్లు అన్నిటికన్నా పలచగా ఉన్నదో, స్నేహితుడు పట్టుకున్నదో, తలుపు దగ్గరి అరలో ఉన్నదో తీసుకుని బయటపడతారు. అది బద్ధకం కాదు. వందల పుస్తకాలు వరసగా నిలబెట్టి ఉంటే కనిపించేది సన్నటి వీపు మీది పేరు ఒక్కటే. దాన్ని బట్టి లోపల ఏముందో పోల్చుకునే అనుభవం వాళ్లకింకా లేదు.

ముందు పుస్తకాల సంఖ్య తగ్గించండి. నలుగురైదుగురు పిల్లలకు ఒక బల్ల, దాని మీద 15 నుంచి 20 పుస్తకాలు, అట్టలు పైకి కనిపించేలా. కథలతో పాటు సమాచారం ఇచ్చేవి, బొమ్మలవి, పొట్టివి, కాస్త పెద్దవి కలిసి ఉండాలి. ఆ తర్వాత చూసే పద్ధతి నేర్పండి. పేరు, అట్ట బొమ్మ చూసి ఇది దేని గురించై ఉంటుందో ఊహించాలి. వెనక అట్ట చదవాలి. మొదటి పేజీ పూర్తిగా చదవాలి. చివరగా మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిచి చదవాలి. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ అసలు విషయం తెలిసేది అక్కడే. మొదటి పేజీని రచయితలు ప్రత్యేకంగా చెక్కుతారు. పుస్తకం నడక ఎలా ఉంటుందో మధ్య పేజీ చెబుతుంది. ఇదంతా ఒక్కో పుస్తకానికి రెండు మూడు నిమిషాల పని.

చూసినవాటిని మూడు కుప్పలు చేయించండి: ఇప్పుడు చదువుతాను, తర్వాత చూస్తాను, వద్దు. “వద్దు” అన్నదానికి కారణం అడగండి. “బోర్” అని ఊరుకోనివ్వకండి. మాటలు కష్టంగా ఉన్నాయా? ఎంతసేపటికీ ఏమీ జరగట్లేదా? పేర్లు ఎక్కువై ఎవరెవరో తెలియట్లేదా? తర్వాతి పుస్తకానికి దారి చూపించేది ఈ జవాబే. మొదటిసారి మీరే ఒక పుస్తకం తీసుకుని, మనసులో అనుకునేదంతా పైకి అంటూ చూపించండి. అలా చూపించేటప్పుడు ఒక పుస్తకాన్ని వద్దని పక్కన పెట్టడం కూడా వాళ్లు చూడాలి.

ఇంటికి తీసుకెళ్లేటప్పుడు రెండు పుస్తకాలు ఇవ్వండి. ఒకటే ఇస్తే, అది నచ్చకపోయినప్పుడు మళ్లీ లైబ్రరీకి వెళ్లే రోజు దాకా చదవడం ఆగిపోతుంది.

అపోహ: “పేజీలో అయిదు తెలియని మాటలుంటే ఆ పుస్తకం వద్దు.”

అయిదు వేళ్ల పద్ధతి చాలామందికి తెలిసిందే. ఒక పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు తెరవాలి. అయిదూ తెరుచుకుంటే కష్టమైన పుస్తకమని లెక్క. తొలి వడపోతగా పనికొస్తుంది, కానీ దాన్నే తీర్పుగా తీసుకుంటే మోసపోతాం.

మొదటి చిక్కు పేజీ సైజుది. బొమ్మల పుస్తకంలో పేజీకి 50 మాటలుంటే అయిదంటే పదింట ఒకటి. నవలలో పేజీకి 250 ఉంటే అదే అయిదు, నూటికి రెండే. కాబట్టి పేజీని కాకుండా మధ్యలోంచి వంద మాటలు లెక్కపెట్టించండి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు లెక్కలోకి రావు. రెండు దాకా తెలియకపోయినా సొంతంగా చదవొచ్చు. మూడు నాలుగైతే ఆ విషయం మీద గట్టి ఆసక్తి ఉండాలి. అయిదు లేదా అంతకన్నా ఎక్కువైతే అది ఎవరైనా పక్కన ఉండి చదివించాల్సిన పుస్తకం. ఈ లెక్కకు ఆధారం ఉంది. 1946లో ఎమ్మెట్ బెట్స్ అనే అమెరికన్ విద్యావేత్త, తోడు లేకుండా చదవాలంటే నూటికి 99 మాటలు గుర్తుపట్టగలగాలని అన్నాడు. రెండో భాషగా ఇంగ్లిష్ చదివేవాళ్ల మీద 2000లో వచ్చిన హు, నేషన్ అనే ఇద్దరు పరిశోధకుల అధ్యయనం, ఎవరి సాయమూ లేకుండా కథ అర్థం కావాలంటే దాదాపు 98 శాతం మాటలు తెలిసి ఉండాలని తేల్చింది.

రెండో చిక్కు తెలుగు చదివేవాళ్లకు మరీ ముఖ్యం. మన లిపిలో దాదాపు రాసినట్టే పలుకుతాం. ఒత్తులు, గుణింతాలు వచ్చిన పిల్లలు అర్థం ఒక్క ముక్క తెలియకపోయినా పేజీ మొత్తం గడగడా చదివేయగలరు. ఒక్క వేలూ తెరుచుకోదు. ధాటిగా చదివాడు కదా అని మనమూ మోసపోతాం. అందుకే పేజీ అయ్యాక పుస్తకం మూయించి మూడు ప్రశ్నలు అడగండి: ఎవరి గురించి? ఏం జరిగింది? ఇక ఏం జరగొచ్చు? మూడోదానికి ఏదో ఒక ఊహ చెప్పగలిగితే కథ లోపలికి వెళ్లినట్టే. ఆ ఊహ తప్పైనా ఫర్వాలేదు.

ఒక్కోసారి మాటలన్నీ తెలిసినవే అయినా వాక్యం మింగుడుపడదు. పరిచయం లేని మాండలికంలో రాసిన సంభాషణలు, గ్రాంథికం ఛాయలున్న పాత రచనలు ఇలాంటివి. వీటిని వెంటనే వద్దనకండి. మొదటి రెండు పేజీలు మీరు పైకి చదివి వినిపించండి. యాస చెవికి అలవాటైతే కళ్లు దాన్ని పట్టుకుంటాయి. అప్పటికీ సాగకపోతే తర్వాత చూద్దామని పక్కన పెట్టండి. ఇంకో మాట: ఈ పరీక్షలేవీ నలుగురి ముందు పెట్టకండి. తోటివాళ్లు చూస్తుంటే తెలియదని ఎవరూ వేలెత్తరు.

అపోహ: “ఈ వయసుకు ఈ స్థాయి పుస్తకమే ఇవ్వాలి.”

వెనక అట్ట మీది వయసు, అర మీద అంటించిన స్థాయి అంకె పెద్దవాళ్ల సౌకర్యం కోసం పెట్టుకున్నవి. ఇంగ్లిష్ పుస్తకాలకు వాడే లెక్సైల్ అంకెనే తీసుకుంటే అది ప్రధానంగా వాక్యాల పొడవును, మాటలు ఎంత తరచుగా వాడుకలో ఉన్నాయన్నదాన్ని బట్టి కడతారు. కథలోని లోతు, విషయం, హాస్యం, చదివేవాళ్ల ఇష్టం ఆ అంకెలో ఉండవు. పొట్టి వాక్యాలతో రాసిన పెద్దల నవలకు పిల్లల పుస్తకం అంకె రావడం వింతేమీ కాదు.

విషయం మీద ముందే ఉన్న పరిచయం స్థాయిని ఎంతగా తారుమారు చేస్తుందో 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు చూపించారు. బేస్‌బాల్ ఆట గురించిన ఒక కథనాన్ని 64 మంది విద్యార్థులతో చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసినవాళ్లు, చదవడంలో ముందున్నా ఆట తెలియనివాళ్లకంటే ఎక్కువ గుర్తుపెట్టుకుని చెప్పగలిగారు. పురుగుల మీద పిచ్చి ఉన్న పిల్లాడు పురుగుల పుస్తకంలో తన “స్థాయి” దాటి చదువుతాడు. అదే పిల్లాడు రాజుల చరిత్రలో తడబడతాడు. ఇద్దరు వేర్వేరు పిల్లల్లా కనిపిస్తాడు.

పిల్లలకు తగని హింస, లైంగిక విషయాలు ఉన్నాయా అని పెద్దవాళ్లు చూడాల్సిందే. అది వేరే పరిశీలన, కష్టం సులువుల లెక్కలో దాన్ని కలపొద్దు.

పై తరగతిలో ఉండి చదవడంలో వెనకబడిన పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సులువుగా ఉంటుందని చంటిపిల్లల పుస్తకం ఇస్తే అది అవమానం. వాళ్లకు కావాల్సింది మాట తేలికగా, విషయం వాళ్ల వయసుకు తగ్గట్టుగా ఉన్న పుస్తకం. ముఖ్య పాత్ర వయసు చదివేవాళ్ల వయసుకు తగ్గకూడదు. అట్ట బొమ్మ చిన్నపిల్లలదిలా ఉండకూడదు. అధ్యాయాలు నాలుగైదు పేజీలకు మించకపోతే మేలు, ఒక్క విడతలో ఒకటి పూర్తిచేసిన తృప్తి దొరుకుతుంది. క్రీడాకారుల జీవితాలు, నిజంగా జరిగిన ప్రమాదాలు, సాహసాలు, రహస్యాల కథలు ఇక్కడ బాగా పనిచేస్తాయి.

అపోహ: “కొందరికి చదవడమంటేనే ఇష్టం ఉండదు.”

“నీకెలాంటి పుస్తకాలు ఇష్టం?” అని అడిగితే పుస్తకాలు చదవని పిల్లల దగ్గర జవాబు ఉండదు. ప్రశ్న తప్పు. పుస్తకాల ఊసెత్తకుండా అడగండి. ఎవరూ ఏ పనీ చెప్పకపోతే ఏం చేస్తావు? ఏ వీడియో రెండోసారి చూశావు? నీ స్నేహితులు ఏ విషయంలో నిన్ను అడుగుతారు? ఏడిపించే కథ కావాలా, భయపెట్టేదా, నవ్వించేదా? జవాబులు ఒక చిన్న కార్డు మీద రాసిపెట్టుకోండి. మూడు నెలలకోసారి మళ్లీ అడగండి, పిల్లల ఇష్టాలు అంత త్వరగా మారతాయి.

విషయం ఒక్కటే చూసుకుంటే చాలదు. క్రికెట్ ఇష్టమన్నవాడికి క్రికెట్ నవల ఇస్తే మూసేయొచ్చు, అతనికి కావాల్సింది గణాంకాలూ ఫొటోలూ ఉన్న పుస్తకం కావచ్చు. ఏం ఇష్టమో తెలిశాక, ఏ రూపంలో ఇష్టమో కూడా పట్టుకోవాలి.

అపోహ: “కామిక్స్, జోకుల పుస్తకాలు, చదివిందే మళ్లీ చదవడం, ఇవేవీ అసలైన చదువు కాదు.”

అసలైన చదువే. కామిక్స్‌లో బొమ్మకూ మాటకూ మధ్య రచయిత చెప్పకుండా వదిలేసింది పాఠకుడే పూరించుకోవాలి. ఒకే పాత్రలతో సాగే వరస పుస్తకాలు కొత్త పాఠకులకు చాలా మంచివి. మనుషులు, ఊరు, కథ తీరు మొదటి పుస్తకంలోనే తెలిసిపోతాయి కాబట్టి రెండోదాంట్లో శ్రమంతా కథ మీదే పెట్టొచ్చు. మళ్లీ చదివినప్పుడు వేగం, ధారాళత పెరుగుతాయి. నెలల తరబడి ఒకే రకం దగ్గర ఆగిపోతే దాన్ని లాక్కోకుండా పక్కన ఇంకొకటి చేర్చండి. హాస్యం నచ్చితే హాస్యంతో నడిచే చిన్న నవల, బొమ్మలు నచ్చితే సగం బొమ్మలున్న పుస్తకం.

అపోహ: “మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చేయాల్సిందే.”

చదవడం మీద విరక్తి పుట్టించడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. పెద్దవాళ్లం నచ్చని పుస్తకాన్ని మొహమాటం లేకుండా వదిలేస్తాం. ఆ హక్కు పిల్లలకూ ఉండాలి, ఒక చిన్న నియమంతో. పొట్టి పుస్తకమైతే అయిదారు పేజీలు, నవలైతే 20 నుంచి 30 పేజీలు చదివి, ఎందుకు వదిలేస్తున్నారో ఒక వాక్యంలో చెప్పి తిరిగి ఇవ్వొచ్చు.

వరసగా మూడు వదిలేస్తే అప్పుడు కూర్చుని మాట్లాడండి. ఎక్కడ ఆపారన్నది చూస్తే కారణం తెలుస్తుంది. మొదటి రెండు పేజీల్లోనే ఆపితే భాష కష్టమైంది, లేదా అట్ట చూసి మోసపోయారు. పది పదిహేను పేజీల దగ్గరైతే పాత్రలు కలగాపులగమయ్యాయి. దీనికి పేర్లు, బంధుత్వాలు రాసిన చీటీ ఒకటి లోపల పెట్టుకుంటే చాలు. సగం దాటాక ఆపితే చాలాసార్లు తప్పు పుస్తకానిది కాదు, మధ్యలో నాలుగైదు రోజులు విరామం వచ్చి కథ మరిచిపోయి ఉంటారు. అప్పటిదాకా జరిగింది కలిసి గుర్తుచేసుకుంటే మళ్లీ మొదలవుతుంది.

అపోహ: “బహుమతి పెడితే చదువుతారు, సారాంశం రాయిస్తే చదివారో లేదో తెలుస్తుంది.”

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగంలో, బొమ్మలు వేయడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఖాళీ సమయంలో ఆ పిల్లలే తక్కువసేపు బొమ్మలు వేశారు. చెప్పకుండా బహుమతి ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. పుస్తకాల సంఖ్యకు బహుమతి పెడితే ఇంకో నష్టం కూడా ఉంది: అందరూ పలచటి పుస్తకాలకు ఎగబడతారు. సారాంశం ప్రతి పుస్తకానికీ రాయాల్సి వస్తే, రాయడం కష్టమైన పిల్లలు చదవడమే మానుకుంటారు.

అలాగని పుస్తకం చేతికిచ్చి వదిలేయడమూ చాలదు. పెద్దగా మార్గదర్శనం లేకుండా నిశ్శబ్దంగా చదివించడం వల్ల ధారాళత పెరుగుతుందనడానికి తగిన ఆధారం దొరకలేదని 2000లో అమెరికాలోని నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల బృందం చెప్పింది. మిగతావాళ్లు చదువుకుంటున్నప్పుడు రోజూ ముగ్గురు నలుగురి పక్కన రెండేసి నిమిషాలు కూర్చోండి. ఇప్పుడు ఎక్కడున్నావు, ఏ చోట వెనక్కి వెళ్లి మళ్లీ చదివావు, దీని తర్వాత ఏం చదువుదామనుకుంటున్నావు అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే పుస్తకం అయిపోయేలోపే ఇంకో రెండు చూపించండి. చదివే అలవాటు ఎక్కువగా తెగిపోయేది రెండు పుస్తకాల మధ్య ఖాళీలోనే.

అపోహ: “మంచి పుస్తకమంటే నీతి చెప్పేది.”

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అంటుంది, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అంటుంది. నీతి చెప్పేదే అందరికీ మంచి పుస్తకమన్న ఊహకు ఆ సూత్రాల్లో చోటు లేదు. మీరు మెచ్చిన పుస్తకాన్ని తప్పకుండా చెప్పండి, కానీ ఎందుకు మంచిదో ఉపన్యాసం వద్దు. నిమిషంలో ముగించండి: ఎవరికి ఏ చిక్కు వచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పి, ఉత్కంఠ ఉన్న చోటు నుంచి ఒక పేరా పైకి చదివి, ముడి విప్పకుండా ఆపేయండి. పుస్తకం అప్పటికప్పుడు అక్కడే దొరకాలి. వారం తర్వాత తెప్పిస్తానంటే ఆ ఆసక్తి చల్లారిపోతుంది.

అపోహ: “ఏ పుస్తకమూ నచ్చట్లేదంటే మొండితనమే.”

ముందు దృష్టి పరీక్ష చేయించారా చూడండి. తర్వాత ఇలా చేయండి. ఒకే పుస్తకంలోంచి ఒకే కష్టం ఉన్న రెండు పేజీలు తీసుకోండి. ఒకటి మీరు చదివి వినిపించి, కథ చెప్పమనండి. రెండోది తననే చదివి చెప్పమనండి. విన్నది బాగా చెప్పి, చదివింది చెప్పలేకపోతే ఇష్టం లేక కాదు, అక్షరాలు కూడబలుక్కోవడంలోనే శక్తంతా అయిపోతోంది. అలాంటి పిల్లలకు ఎంపిక ఎంత బాగా నేర్పినా చాలదు, చదవడం నేర్పే సాయం విడిగా కావాలి. ఈలోగా కథలకు దూరం కాకుండా ఆడియో పుస్తకం వింటూ అదే పుస్తకాన్ని కళ్లతో అనుసరించేలా చూడండి. రెండూ చెప్పలేకపోతే భాషే కొత్తగా ఉందేమో, విషయం పరిచయం లేనిదేమో చూసి, ఇంట్లో మాట్లాడే భాషకు దగ్గరగా ఉన్న పుస్తకంతో మళ్లీ ప్రయత్నించండి.