పిల్లలకు ఉత్తరం: జాన్ ప్రైన్ పాటల్లో దుఃఖం

చిరంజీవులకు ఆశీస్సులు.

గిటారు వాయిస్తూ సొంత పాటలు పాడుకొనే అమెరికా జానపద, కంట్రీ గాయకులు అన్నీ దుఃఖగీతాలే ఎందుకు పాడతారని, అవి వింటే మనసు మరింత కుంగిపోదా అని మీరు అడిగారు. అందరి సంగతీ కాకుండా, నాకు ఎంతో ఇష్టమైన జాన్ ప్రైన్ గురించి మాత్రం రాస్తాను.

ఆయన 1946లో షికాగో పక్కనున్న మేవుడ్‌లో పుట్టారు. తల్లిదండ్రులది కెంటకీ రాష్ట్రంలోని ప్యారడైజ్ అనే చిన్న ఊరు. బొగ్గు కోసం ఆ చుట్టుపక్కల నేలంతా తవ్వేశారు, చివరికి ఆ ఊరే లేకుండా పోయింది. ఆ ఊరి మీద ప్రైన్ తన తండ్రి కోసం ఒక పాట కట్టారు. అప్పట్లో ఆయన పోస్ట్‌మన్‌గా వీధి వీధీ తిరిగి ఉత్తరాలు పంచుతూ, నడకలోనే పాటలు అల్లుకొనేవారు.

1971లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో ‘హలో ఇన్ దేర్’ అనే పాట ఉంది. పిల్లలు తలోదారిన వెళ్లిపోగా, ఒక కొడుకును కొరియా యుద్ధంలో పోగొట్టుకొని మిగిలిన ముసలి దంపతుల కథ అది. ఫ్యాక్టరీలో తనతో కలిసి పనిచేసిన స్నేహితుడికి ఎప్పుడో ఒకరోజు ఫోన్ చేయాలని ఆ పెద్దాయన అనుకుంటాడు. కానీ ‘ఏమిటి విశేషాలు?’ అని అవతలివాడు అడిగితే చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని గుర్తొస్తుంది. ఒంటరితనం ఎంత లోతుగా ఉంటుందో చెప్పడానికి ఆ ఫోన్ సంగతి ఒక్కటి చాలు, కన్నీళ్ల వర్ణన అక్కరలేదు. పాతికేళ్లయినా నిండని కుర్రవాడు అది రాశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తన బాధను ఇంకొకరు ఇంత సరిగ్గా గమనించారని తెలిసినప్పుడు వినేవాడికి కలిగేది కుంగుబాటు కాదు, తోడు దొరికిన ధైర్యం.

1998లో మెడకు వచ్చిన క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేసినప్పుడు ఆయన నాలుకకు వెళ్లే కొన్ని నరాలు తెగిపోయాయి, గొంతు బొంగురుపోయింది. ఆయన పాట మానలేదు. శ్రుతి తగ్గించుకొని, ఆ గొంతుతోనే పాత పాటలను మళ్లీ నేర్చుకొని పాడారు. 2013లో ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేశాక, ఇంట్లో మెట్లు ఎక్కి దిగి, ఆ ఆయాసం తీరకముందే గిటారు అందుకొని రెండు పాటలు పాడడం ఆయనకు వ్యాయామమైంది. ఆరు నెలల్లో తిరిగి కచేరీలకు బయలుదేరారు. 2018లో కొత్త ఆల్బమ్ కూడా తెచ్చారు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ ఆయనను తీసుకుపోయింది.

మొదటి శస్త్రచికిత్స తరువాత, 2000లో వచ్చిన ‘సావనీర్స్’ ఆల్బమ్‌లో ఆయన ‘హలో ఇన్ దేర్’ను మళ్లీ పాడారు. మీరు ముందు 1971 నాటిది విని, వెంటనే ఇది వినండి. కుర్రవాడు ఊహించి పాడిన ముసలితనాన్ని, దాని దరిదాపులకు వచ్చిన మనిషి ఎలా పాడారో గమనించి, మీకు ఏది ఎక్కువ నచ్చిందో నాకు రాయండి. నా ఓటు మాత్రం ఆ బొంగురు గొంతుకే.

ప్రేమతో,
మీ తాతయ్య