17 దగ్గర గీత

కడుపులో బిడ్డకి చేతివేళ్లు మొదట్లో విడివిడిగా ఉండవు. మధ్యలో ఉన్న కణజాలం వేళకి చచ్చిపోతేనే వేళ్లు విడతాయి. చావాల్సిన కణం మొండికేసి బతికితే అదే క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. ఈ చావు నడిపించే ప్రొటీన్లలో ముఖ్యమైనది కాస్పేజ్-3. మామూలు రోజుల్లో కణంలో నిద్రపోతూ ఉంటుంది. కబురు అందగానే దాని మీద కోత పడుతుంది, ఆ ముక్కలు కూడుకుని ఇతర ప్రొటీన్లను నరకడం మొదలుపెడతాయి. కబురు అంతదాకా రాకుండా అడ్డుపడేది బీసీఎల్-2.

వీటిని చూడాలంటే వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్ష చేయాలి. కణాలను చితక్కొట్టి, ప్రొటీన్లను జెల్‌లో పరుగెత్తించి, పొర మీదికి దింపుతారు. చిన్నవి కిందికి, పెద్దవి పైన. యాంటీబాడీ (కావలసిన ప్రొటీన్‌ను వెతికి అతుక్కునే అణువు) కనబడ్డచోటల్లా అతుక్కోకుండా పాలపొడి కలిపిన ద్రావణంలో పొరను నానబెట్టి, తర్వాత రాత్రంతా చల్లగా యాంటీబాడీలో ఊపుతారు. కావలసిన ప్రొటీన్ ఉంటే గీత (బ్యాండ్) పడుతుంది.

బెంగళూరులో, బళ్లారి రోడ్డు మీది జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) ఆవరణలో గానీ యశ్వంతపుర వైపు ఐఐఎస్సీలో గానీ, అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చిన పిల్లలు పీహెచ్‌డీల్లో ఉంటారు. డార్క్‌రూమ్ బయట ఇలాంటి మాటలు తెలుగులోనే నడుస్తాయి:

"అక్కా, బ్యాండ్ వచ్చేసింది!"

"ఎక్కడొచ్చింది?"

"35 దగ్గర."

"అది ఇంకా నిద్రలో ఉన్నదే తల్లీ. 17 దగ్గర ఏమైనా ఉందా?"

కోత పడని కాస్పేజ్-3 బరువు 35 కిలోడాల్టన్ల దరిదాపు, కోశాక వచ్చే పెద్ద ముక్క 17. మొదటిది ఉన్నంత మాత్రాన కణం చావు మొదలైనట్టు కాదు. అందుకే కోత పడ్డచోట కొత్తగా బయటపడే కొసను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు విడిగా దొరుకుతాయి. వాటితోపాటు స్టారోస్పోరిన్ అనే రసాయనం వేసి కావాలని చంపిన కణాలను పక్క వరుసలో నడపాలి. అక్కడా 17 రాకపోతే లోపం ప్రయోగంలోనే ఉంది.

గీత వచ్చిందనుకోండి, అది కాస్పేజ్-3దే అని ఏమిటి నమ్మకం? యాంటీబాడీ సాక్షి లాంటిది. మనిషి ఊళ్లోనే లేని రోజున కూడా "చూశాను" అంటే ఆ సాక్ష్యం చెల్లదు. ఆ ప్రొటీనే లేని కణం కావాలన్నమాట. కాస్పేజ్-3 విషయంలో అది ప్రకృతే ఇచ్చింది. రొమ్ము క్యాన్సర్ నుంచి తీసి ప్రపంచమంతా పెంచుతున్న ఎంసీఎఫ్-7 కణాల్లో, ఈ ప్రొటీన్ జన్యువులో 47 అక్షరాలు ఊడిపోయాయని 1998లో తేలింది. వాటిలో కాస్పేజ్-3 అసలు తయారవదు. (అయినా ఆ కణాలు చావకుండా ఏమీ ఉండవు, వేరే కాస్పేజ్‌లు ఆ పని చేస్తాయి.) ఎంసీఎఫ్-7 వరుసలోనూ గీత పడితే మీ యాంటీబాడీ ఇంకేదో పట్టుకుందన్నమాట. మిగతా ప్రొటీన్లకైతే ఆ జన్యువును క్రిస్పర్ అనే జన్యువులు కత్తిరించే పద్ధతితో తీసేసిన కణాలు వాడుకోవాలి. కేటలాగులో ఒక్క గీత చుట్టూ కత్తిరించి పెట్టిన బొమ్మ చూసి డబ్బు కట్టొద్దని నా మాట. పొర మొత్తం చూపించమని అడగండి. చిన్న వయల్‌కే వేలకు వేలు పోస్తున్నాం, అడగడానికి మొహమాటమెందుకు?

దీనికి తిరగేసిన చిక్కు ఆసుపత్రిలో వస్తుంది. లింఫు గ్రంథుల్లో వచ్చే ఫాలిక్యులర్ లింఫోమా అనే క్యాన్సర్‌లో చాలావరకు 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఎల్-2 విపరీతంగా తయారవుతుంది. ఆ ప్రొటీన్ దొరికిందే ఈ క్యాన్సర్ ద్వారా, 1980ల్లో. మామూలుగా వాచిన లింఫు గ్రంథిలో, జెర్మినల్ సెంటర్లలోని (బీ కణాలు పెరిగే గుంపుల్లోని) బీ కణాల్లో బీసీఎల్-2 ఉండదు. కాబట్టి గ్రంథి ముక్క మీద బీసీఎల్-2 యాంటీబాడీ వేసి చూసినప్పుడు, ప్రొటీన్ ఉన్నచోట వచ్చే గోధుమరంగు అక్కడ తేలితే పాథాలజిస్టుకి అనుమానం బలపడుతుంది. కానీ కొందరి కణితుల్లో, బాగా వాడుకలో ఉన్న 124 అనే క్లోన్ (యాంటీబాడీ రకం) అతుక్కునే చోటే జన్యు మార్పులతో మారిపోయి ఉంటుంది. ప్రొటీన్ పుష్కలంగా ఉన్నా రంగు రాదు. కణాల అమరిక లింఫోమాలా కనిపించి రంగు మాత్రం లేదంటే, ఆ ప్రొటీన్‌నే వేరే చోట పట్టుకునే ఇంకో క్లోన్‌తో మళ్లీ వేయించి చూస్తారు.